గద్వాల నుంచి డల్లాస్ ఎంత దూరం?

"డాక్టరు గారూ! మా అబ్బాయి అమెరికాలో, డల్లాస్‌లో ఉంటున్నాడు. కోడలికి నెలలు నిండుతున్నాయి. మమ్మల్నిద్దరినీ రమ్మని టికెట్లు తీస్తానంటున్నాడు. హైదరాబాదు నుంచి డల్లాస్‌కు విమానంలో ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని గంటలు పడుతుంది? నా వయసు 67. మా ఇంటామెకు 61. ఆమెకు బి.పి., మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అంతసేపు కూర్చోగలదా?" అని గద్వాల నుంచి ఒక పాఠకుడు రాశారు.

ఇటువంటి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. ఇదే వారం వనపర్తి నుంచి ఒకరు, నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు రాశారు. ఒకప్పుడు ఈ మూడు ఊళ్లవాళ్లకూ దూర ప్రయాణమంటే బొంబాయి బస్సే. ఇప్పుడు పిల్లలు చదువులకని, ఉద్యోగాలకని అమెరికా పోతున్నారు. పురుళ్లకూ పుణ్యాలకూ వెనకనే తల్లిదండ్రులు పోక తప్పడం లేదు. కనుక ఈ వారం మూడు ఉత్తరాలకూ కలిపి జవాబు రాస్తున్నాను. ముందు లెక్క చూద్దాం.

హైదరాబాదు నుంచి డల్లాస్‌కు ఆకాశంలో అతి దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు. మైళ్లలో చెబితే దాదాపు 9,000. మన ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. దానికి ఇది నాలుగింతలకు కొంచెం తక్కువ. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే మీరు మూడో వంతుకు పైగా భూమిని చుట్టి వస్తారన్నమాట. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే దాని మీద దారం పట్టి చూడండి. ఈ దారి పడమటికి కాక, ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది!

అయితే హైదరాబాదు నుంచి డల్లాస్‌కు ఎక్కడా ఆగకుండా పోయే విమానం లేదు. 2021 జనవరిలో హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా ఒక విమానం మొదలైంది గానీ అది నిలవలేదు. మధ్యలో ఎక్కడో మారాల్సిందే. దుబాయి మీదుగా పోతే హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడినుంచి డల్లాస్ మరో 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు. పెద్ద విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కానీ ఆ ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది. అందుకే తిరుగు ప్రయాణం గంటో గంటన్నరో తగ్గుతుంది.

మీ అబ్బాయి కూడా "ఇరవై గంటలే నాయనా" అని చెప్పి ఉంటాడు. అతను చెప్పింది గాలిలో ఉండే లెక్క. డాక్టరుగా నాకు కావలసిన లెక్క వేరు. గద్వాల నుంచి శంషాబాద్‌కు కారులో మూడు, మూడున్నర గంటలు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వారికి రెండున్నర అనుకోండి. విమానం బయలుదేరే మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. దుబాయిలో మూడు నాలుగు గంటలు ఎదురుచూపు. డల్లాస్‌లో దిగాక పాస్‌పోర్టుల వరస, తరువాత కొడుకు ఇంటిదాకా మళ్లీ కారు. గుమ్మం నుంచి గుమ్మానికి ముప్పై గంటలు దాటుతుంది. అందులో ఇరవై ఐదు గంటలకు పైగా మీరు మోకాళ్లు మడిచి, పాదాలు వేలాడేసి కుర్చీలో ఉంటారు. అసలు దూరం ఇదీ. దీనిని కిలోమీటర్లలో కొలిచి లాభం లేదు.

ముందుగా నాగర్‌కర్నూల్ ఉత్తరం

ఈ సోదరి రాసినది చదవండి. "మా అమ్మ అమెరికాలో మా అక్క పురుడు చూసుకొని తిరిగొచ్చి తొమ్మిది రోజులైంది. అప్పటినుంచి ఎడమ కాలి పిక్క నొప్పి అంటోంది. ఆ ఒక్క కాలే కొంచెం వాచింది. పసిబిడ్డను ఎత్తుకొని తిరిగి అలసిపోయిందని రోజూ నువ్వుల నూనె రాసి గట్టిగా పిసుకుతున్నాము. ఇంకేదైనా మంచి తైలం ఉంటే చెప్పగలరు."

దీనికి అచ్చులో జవాబిచ్చేదాకా ఆగలేదు. పిసకడం ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకుపొమ్మని ఆమెకు వెంటనే కబురు పంపించాము. ఇక్కడ మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, ఈ కబురు అందవలసిన ఇళ్లు ఇంకా ఎన్నో ఉంటాయి.

పిక్కలో ఏం జరిగి ఉండవచ్చో చెబుతాను. గుండె రక్తాన్ని కాళ్లలోకి తోస్తుంది. అక్కడినుంచి పైకి రావడానికి మాత్రం గుండె తోపు ఒక్కటే చాలదు. మనం నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకొని లోపలి సిరలను పిండుతుంది. రక్తం పైకి ఎక్కుతుంది. సిరల్లో ఉన్న చిన్న కవాటాలు దానిని మళ్లీ కిందికి జారనివ్వవు. బోరింగు కొట్టినట్టన్నమాట. పిక్కను రెండో గుండె అని వైద్యులు ఊరికే అనలేదు. ఆ కండరాన్ని గంటల తరబడి కదపకపోతే లోతు సిరల్లో రక్తం మందగిస్తుంది, కొందరిలో గడ్డకడుతుంది. ఆ గడ్డ అక్కడే ఉంటే నొప్పి, వాపు. ఊడి రక్తంతో పాటు పైకి పోతే గుండె గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి రక్తనాళానికి అడ్డుపడుతుంది. ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీల్చితే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం దాని గుర్తులు. ప్రాణం మీదికి వచ్చే సంగతి. గడ్డ ఉన్న కాలిని గట్టిగా పిసికితే అది ఊడే ప్రమాదం ఉందని వేరే చెప్పాలా?

ఇది విమానం తెచ్చిన కొత్త జబ్బేమీ కాదు. 1940లో లండన్ మీద జర్మన్లు బాంబులు కురిపిస్తున్నప్పుడు జనం రాత్రుళ్లు నేలమాళిగల్లో పడక కుర్చీల్లో కూర్చుని గడిపేవారు. కుర్చీ ముందు కర్ర తొడల కింద ఒత్తుకొనేది. బాంబు తగలనివాళ్లు కొందరు ఊపిరితిత్తుల్లో గడ్డ చేరి చనిపోవడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించి ఆ ఏడే వైద్య పత్రికలో రాశాడు. 1954లో హోమన్స్ అనే అమెరికా శస్త్రవైద్యుడు విమాన ప్రయాణం తరువాత కూడా ఇలాగే గడ్డలు వస్తున్నాయని రాశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే ఈ ముప్పు రెట్టింపవుతుంది. విమానమే కానక్కరలేదు. బస్సయినా, రైలయినా, కారయినా అంతే. రాత్రంతా బస్సులో కిక్కిరిసి బొంబాయికీ పూనాకూ పనులకు పోయే మన పాలమూరు కూలీలకు ఈ ముప్పు గురించి ఎవరు చెప్పారు? అమెరికా ప్రయాణం కనుక మనం మాట్లాడుకుంటున్నాం.

భయపడి టికెట్లు రద్దు చేసుకోకండి. అదే పరిశోధనలో తేలిన మరో సంగతి, నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణాల్లో ఇలా గడ్డ కట్టేది సుమారు ఆరు వేల మందిలో ఒకరికి. చిన్న ముప్పే. కానీ అందరికీ ఒకే రకంగా చిన్నది కాదు. ఇంతకుముందు కాలిలో గడ్డ కట్టినవారు, ఈ మధ్య పెద్ద ఆపరేషను అయినవారు, క్యాన్సరుకు మందులు వాడుతున్నవారు, గర్భిణులు, బాలింతలు, పిల్లలు పుట్టకుండా మాత్రలు మింగే స్త్రీలు, బాగా లావుగా ఉన్నవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. చాలా పొడుగు వారికీ, అయిదడుగుల మూడంగుళాల లోపు ఎత్తు ఉన్నవారికీ కూడా ముప్పు ఎక్కువేనని అందులో తేలింది. పొట్టివారికి ఎందుకంటారా? విమానం కుర్చీలో కూర్చుంటే వారి పాదాలు నేలకు ఆనవు. కుర్చీ అంచు మోకాలి వెనక ఒత్తుకుంటుంది. లండన్ నేలమాళిగలో కర్ర చేసిన పనే ఇక్కడ కుర్చీ అంచు చేస్తుంది. మన ఇళ్లలో తల్లుల ఎత్తు ఎంతో మీకు తెలుసు. చేతి సంచీని ముందు సీటు కిందికి తోసి దాని మీద పాదాలు ఆనించుకొంటే ఈ ఒత్తిడి పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

గడ్డ విమానంలోనే బయటపడుతుందనుకోకండి. దిగిన మొదటి రెండు వారాల్లో ఎక్కువ, ఆ తరువాత కూడా రెండు నెలల దాకా రావచ్చు. దూర ప్రయాణం చేసి వచ్చిన మనిషికి రెండు కాళ్లూ సమానంగా వాచి, రెండు మూడు రోజుల్లో తీసిపోతే ఫరవాలేదు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, ముట్టుకుంటే వేడిగా ఉంటే మాత్రం అలసట అని కొట్టిపారేయకూడదు. డాప్లర్ స్కాను చేస్తే నిమిషాల్లో తేలిపోతుంది. గడ్డ ఉందని తేలితే రక్తం పలుచబడే మందులు కనీసం మూడు నెలలు వాడవలసి ఉంటుంది. సకాలంలో మొదలుపెడితే మనిషి మామూలుగా తిరుగుతుంది. నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లోనూ, గద్వాలలో 2024లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పట్నం పోదాం, ఆదివారం అబ్బాయి వస్తాడు అంటూ రోజులు గడపవద్దు. ఆయాసం కూడా మొదలైతే స్కానుల గొడవ పక్కనపెట్టి 108కు ఫోను చేయండి.

అమెరికాలో ఉండగా ఈ లక్షణాలు కనబడితే? అక్కడ 911. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పెద్దవాళ్లు పరాయి దేశంలో ఒంట్లో బాగులేకపోతే పిల్లలకు చెప్పరు. అక్కడ డాక్టరు ఖర్చు ఎంతో విని ఉంటారు. "నా వల్ల బిడ్డకు అప్పు కావాలా?" అని నొప్పిని కొంగున కట్టుకొని వంట చేస్తూ ఉంటారు. ఈ దాపరికం గడ్డ కంటే ప్రమాదకరం. ప్రయాణానికి ముందే ఆరోగ్య బీమా తీసుకోండి. మునుపటినుంచి ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో ఆ కాగితంలో చిన్న అక్షరాలు మీ అబ్బాయి చేత చదివించండి. ఆ తరువాత నొప్పి వస్తే నోరు విప్పండి.

ఇక గద్వాల దంపతులకు

అయ్యా, మీ ఇంటామె కూర్చోగలదా అని అడిగారు. కూర్చోగలదు. కూర్చోకుండా ఉండగలదా అన్నది అసలు ప్రశ్న.

టికెట్టు తీసేటప్పుడే నడిచే దారి పక్క సీటు ఆమెకు ఇప్పించండి. కిటికీ సీటు మీకూ వద్దు. మబ్బులు పది నిమిషాలు చూస్తే చాలు. మన స్త్రీలు ప్రయాణంలో నీళ్లు తాగరు. పక్కనున్న అపరిచితుణ్ణి లేపి పాయిఖానాకు పోవాలంటే మొహమాటం. ఆ తలుపు ఎలా తెరవాలో, లోపల గడియ ఎలా వేయాలో తెలియదనే భయం మరొకటి. తలుపు మధ్యలో తోస్తే లోపలికి మడతపడుతుంది, లోపల గడియ జరిపితేనే దీపం బాగా వెలుగుతుంది. ఈ రెండు ముక్కలు ముందే చెప్పి ఉంచండి. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది, మన ఎండాకాలపు గాలి కంటే పొడి. నోరు, ముక్కు, కళ్లు ఎండుతాయి. నీళ్లు తాగినంత మాత్రాన గడ్డలు రావని రుజువైతే లేదు. అయినా తాగమనే అంటాను. ఎందుకంటే తాగినవారు లేవక తప్పదు, లేచినవారు నడవక తప్పదు!

రెండు గంటలకొకసారి నడవాలి. లేవడానికి వీలుకానప్పుడు కూర్చున్నచోటే మడమలు నేలకానించి వేళ్లు పైకెత్తడం, తరువాత వేళ్లు ఆనించి మడమలెత్తడం, గంటకొకసారి ఇరవై ముప్పై సార్లు చేయాలి. గద్వాలలో దీనికి బొమ్మ గీసి చూపనక్కరలేదు. గుంటమగ్గంలో కూర్చుని చీర నేసేవారు రోజంతా కూర్చునే ఉంటారు గానీ కాళ్లు ఆడుతూనే ఉంటాయి. అదే కదలిక. కుట్టుమిషను తొక్కడం వచ్చిన ఆడవాళ్లకు ఇంకా తేలిక.

మోకాళ్ల నొప్పులని, భాష రాదని చక్రాల కుర్చీ అడిగి పెట్టడం ఇప్పుడు రివాజైంది. మంచిదే. దుబాయి వంటి పెద్ద విమానాశ్రయంలో దారి తప్పకుండా చేరవేస్తారు. కానీ ఒక చిక్కుంది. కారులో కూర్చుని వచ్చిన మనిషిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, విమానం కుర్చీలోకి మార్చి, దిగాక మళ్లీ చక్రాల కుర్చీలోకి! ముప్పై గంటల్లో వంద అడుగులు కూడా పడవు. కొంచెమైనా నడవగలవారు ఎదురుచూసే నాలుగు గంటల్లో కుర్చీ దిగి అటూ ఇటూ తిరగాలి. శంషాబాద్ పోయేటప్పుడు కూడా జడ్చర్ల దగ్గర కారు ఆపి టీ తాగే నెపంతోనైనా పది నిమిషాలు నడవండి.

పిక్కలను పట్టి ఉంచే మేజోళ్లు మందుల దుకాణాల్లో అమ్ముతారు. మోకాలి కిందిదాకా ఉంటాయి. ఇవి వేసుకున్నవారిలో పైకి తెలియని గడ్డలు బాగా తగ్గాయని పరిశోధనల్లో తేలింది. మామూలు బిగుతు మేజోళ్లు పనికిరావు. పైన రబ్బరు పట్టీ ఒక్కచోట బిగిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. పొద్దున లేవగానే, కాళ్లు వాచకముందు, చీలమండ చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత టేపుతో తీసి ఆ ప్రకారం కొనాలి. షుగరుతో పాదాల్లో తిమ్మిర్లు ఉన్నవారు, నడిస్తే పిక్కలు పట్టేసేవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. ఆస్పిరిన్ ఒకటి వేసుకుపొమ్మని ఇరుగుపొరుగు చెబుతారు. గుండె డాక్టరు రోజూ వేసుకోమన్నవారు మానవద్దు. మిగతావారు కొత్తగా మొదలుపెట్టవద్దు. నిద్ర మాత్ర అసలే వద్దు. మందు మత్తులో ఎనిమిది గంటలు ఒక్క పక్కకు ఒరిగి పడుకోవడం కంటే కునికిపాట్లు మేలు.

బట్టల సంగతి. విమానం 35,000 అడుగుల పైన ఎగురుతుంది. లోపల గాలిని అంత పలుచగా ఉంచరు గానీ నేలమీది అంతా ఉంచరు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో అంత. ఊటీ ఎత్తు ఏడువేల పైచిలుకు. అంటే పదహారు గంటలు ఊటీలో కూర్చున్నట్టే, చలితో సహా! గాలి ఒత్తిడి తగ్గితే పొట్టలోని వాయువు వ్యాకోచిస్తుంది. పొట్ట ఉబ్బరించి, లంగా నాడా ఒరుసుకొని ప్రాణం విసుగుతుంది. నాడా వదులుగా కట్టుకోవాలి. పంజాబీ డ్రెస్ వేసుకోమని కోడలు చెబితే కోపం తెచ్చుకోవద్దు, ఆమె చెప్పింది సరైనదే. గద్వాల చీర పెట్టెలో మడతపెట్టి తీసుకుపోయి బారసాలనాడు కట్టుకోవచ్చు.

ఈ ఊటీ ఎత్తు మామూలు మనిషిని ఏమీ చేయదు. ప్రాణవాయువు కొంచెం తగ్గినా శరీరం సర్దుకుంటుంది. గుండె బలహీనం, ఎడతెగని ఆయాసం, బాగా రక్తం తక్కువ ఉన్నవారికి మాత్రం చిక్కు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఆగకుండా యాభై మీటర్లు నడిచి, లేదా ఒక అంతస్తు మెట్లెక్కి, రొప్పకుండా మాట్లాడగలరా? మాట్లాడగలిగితే ఎక్కువమందికి భయం లేదు. లేకపోతే టికెట్టు తీయకముందే డాక్టరును కలవండి. ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, పొట్ట ఆపరేషను అయినవారు కూడా అంతే. కంటి వెనక పొరకు ఆపరేషను చేసి లోపల గ్యాసు బుడగ పెట్టినవారు అది కరిగిందని కంటి డాక్టరు చెప్పేదాకా విమానం ఎక్కనే కూడదు. ఆ బుడగ పైన వ్యాకోచించి చూపు పోతుంది. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు పడితే ఒక యాలక్కాయ నమిలి, గుటకలు వేస్తుంటే సరి. జలుబు ఉంటే ముక్కులో వేసుకొనే చుక్కలు వెంట పెట్టుకోండి.

వనపర్తి వారి సూది

వనపర్తి పాఠకుడి తల్లికి 64 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. ఆమె ఒంటరిగా కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి పోతున్నారు. "అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి కదా, సూది ఏ టైము ప్రకారం వేయాలి?" అని అడిగారు. మంచి ప్రశ్న. చాలామంది ఇది అడగకుండానే విమానం ఎక్కి ఇబ్బంది పడతారు.

పడమటి దేశాలకు పోయేటప్పుడు గడియారం వెనక్కి తిప్పుతాం. ఎండాకాలంలో కాలిఫోర్నియా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. డల్లాస్ పదిన్నర గంటలు. ప్రయాణపు రోజు మామూలు 24 గంటలది కాక ఎంతో సాగిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు రోజు కురచబడుతుంది. రోజు సాగితే ఒక మోతాదు అదనంగా అవసరం కావచ్చు, కురచబడితే తగ్గించవలసి రావచ్చు. ఎంత అన్నది ఏ రకం ఇన్సులిన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. దీనికి పత్రికలో ఒక లెక్క రాసి అందరూ పాటించండి అనడం తప్పు. టికెట్టు కాగితం తీసుకుపోయి, బయలుదేరే వేళ, దిగే వేళ చూపించి, మీ డాక్టరు చేత ఎప్పుడు ఎన్ని యూనిట్లో తెలుగులో రాయించుకోండి. ఆమె అందాకా తన చేతి గడియారం మన టైముకే ఉంచుకొని, అక్కడికి చేరిన మరునాడు మార్చుకోవడం సులువు.

ఒక్కటి మాత్రం ఎవరికైనా వర్తిస్తుంది. విమానంలో అన్నం పళ్లెం కళ్ల ముందుకు వచ్చాకే భోజనపు సూది వేసుకోవాలి. వస్తోంది కదా అని ముందే వేసుకొంటే, ఇంతలో కుదుపులు మొదలై భోజనాలు ఆపేస్తారు. వచ్చిన పళ్లెంలో మాంసమో, తెలియని పదార్థమో ఉంటే ఆమె ముట్టరు. సూది పని చేస్తుంది, కడుపు ఖాళీ. చెమటలు, వణుకు, మాట తడబాటు. పక్కనున్నవారు నిద్రలో ఉన్నారనుకుంటారు. ఒకపూట షుగరు కాస్త పెరిగితే సర్దుకోవచ్చు, పడిపోతే మాత్రం ఆగడానికి వీల్లేదు. చేతి సంచీలో గ్లూకోజు పొడి, బిస్కట్లు, ఎండు జొన్నరొట్టె, వేయించిన పల్లీలు ఉంచండి.

ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సంచీలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే సామాను అరలో చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు, పెట్టె తప్పిపోతే మందే లేదు. బి.పి. మాత్రలు, గుండె మాత్రలు కూడా అంతే. రెండు పూటలవి కాదు, కనీసం వారం రోజులవి చేతిలో ఉండాలి. మాత్రల కంపెనీ పేర్లు అక్కడివారికి తెలియవు. అసలు మందు పేరు, మోతాదు డాక్టరు సంతకంతో ఇంగ్లీషులో ఒక కాగితం ఉంటే సూదులు చూసి తనిఖీవారు ఆపినా భాష అక్కరలేదు.

చేరిన తరువాత వారం పదిరోజులు నిద్ర తారుమారవుతుంది. మెదడులో ఒక గడియారం ఉంది. దాని గుట్టు విప్పినందుకు 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. చేతి గడియారాన్ని క్షణంలో తిప్పవచ్చు గానీ అది రోజుకు గంట చొప్పునే తిరుగుతుంది. వెలుతురే దానికి కీ. పగటిపూట తెరలు వేసుకొని పడుకోకుండా బయట ఎండలో తిరిగితే త్వరగా సర్దుకుంటుంది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చే అమ్మమ్మ బాలింతకు వరమే అనుకోండి! కానీ ఆ వేళ చీకట్లో, తెలియని ఇంట్లో, కార్పెట్టు మీద తట్టుకొని పడేవారున్నారు. పడక గది నుంచి బాత్రూముదాకా చిన్న దీపం వెలుగుతూ ఉంచమని కూతురికి చెప్పండి. ఆకలి వేళలు మారే ఆ వారంలో షుగరు రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి. ఊరగాయల మీద కూడా కన్నుండాలి. కొత్త చోట నోటికి ఏదీ రుచించక మూడు పూటలా ఆవకాయే తింటే ఆ ఉప్పుకు బి.పి. పెరిగి కాళ్లు వాస్తాయి. అప్పుడు ఆ వాపు ఏ వాపో తేల్చుకోవడం డాక్టరుకూ కష్టమే. మనవళ్లకని కొల్లాపూర్ మామిడిపళ్లు పెట్టెలో పెట్టుకోకండి. అక్కడ విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు.

వనపర్తి పాఠకులు తమ తల్లిగారు వాడే ఇన్సులిన్ పేరు, పొద్దున ఎన్ని యూనిట్లో, రాత్రి ఎన్నో రాయలేదు. ఎక్కడ విమానం మారుతారో, అక్కడ ఎన్ని గంటలు ఆగుతారో కూడా లేదు. ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకొని, గత నెల షుగరు పరీక్షల చీటీలతో కలిపి, ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు ఆమెను చూస్తున్న డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకొని వెళ్లండి. పాదాలు కూడా చూపించండి, వేళ్ల సందులతో సహా.